అదే కీటోన్, వేరే ద్రావణి: వెలుగు ఎందుకు మారుతుంది?

ఈ ఎపిసోడ్ టాపిక్ పేరు చెప్పగానే సగం మంది వేలు పైకి జరుపుతారని తెలుసు. అయినా చెప్పేస్తా. "అరోమాటిక్ కీటోన్ల ఫాస్ఫోరెసెన్స్ మీద ద్రావణుల ప్రభావం." ఆగండి ఆగండి, వెళ్లకండి! ఒక్క నిమిషం మీ చేతిలో ఉన్న ఫోన్ చూడండి.

అది అమోలెడ్ స్క్రీన్ అయితే, అందులో ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు మామూలుగా వెలిగేది ఫాస్ఫోరెసెన్స్ తోనే. స్క్రీన్ మీద యూవీ గ్లూ పెట్టి టెంపర్డ్ గ్లాస్ వేయించారా? చిన్న నీలం లైటు కింద పెట్టగానే ఆ గ్లూ గట్టిపడింది కదా, దాని వెనక చాలాసార్లు ఉండేది అరోమాటిక్ కీటోన్లు, లేదంటే వాటి దగ్గరి చుట్టాలు. అంటే టాపిక్ ఎక్కడో లేదు, మీ అరచేతిలోనే ఉంది.

నేను చదివింది బీటెక్, చేసింది సాఫ్ట్‌వేర్ జాబ్. కాబట్టి దీన్ని ప్రొఫెసర్ లాగా కాదు, మన భాషలో చెప్తా. దీనికోసం మూడు ఊళ్లు తిరిగొచ్చా: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. 2016 అక్టోబర్ 11న వేర్వేరు జిల్లాల కేంద్రాలయ్యాయి గానీ, అంతకుముందు అన్నీ మన పాత వరంగల్ జిల్లావే. మూడు చోట్లా ఈ టాపిక్‌లో ఒక్కో ముక్క దొరికింది.

ముందు బేసిక్స్. రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

ఒక అణువు మీద వెలుతురు పడితే దానిలో ఒక ఎలక్ట్రాన్ పై మెట్టుకి ఎగురుతుంది. ఎలక్ట్రాన్లు జంటగా ఉంటాయి, ఒకదాని స్పిన్ పైకి ఉంటే ఇంకోదాని స్పిన్ కిందికి. ఎగిరినాక కూడా ఆ జంట ఎదురెదురు స్పిన్‌తోనే ఉంటే దాన్ని సింగ్లెట్ అంటారు. అక్కడి నుంచి కిందికి దిగడం చాలా తేలిక. నానోసెకన్లలో వెలుగు ఇచ్చేసి దిగిపోతుంది. అది ఫ్లోరెసెన్స్. ఎగిరిన ఎలక్ట్రాన్ స్పిన్ మధ్యలో తిరగబడి, రెండూ ఒకే వైపు అయిపోయాయనుకోండి, అది ట్రిప్లెట్. ఇప్పుడు కిందికి దిగాలంటే స్పిన్ మళ్లీ తిరగబడాలి. అది అంత సులువుగా జరగదు. అందుకే ఆలస్యం. మైక్రోసెకన్ల నుంచి సెకన్ల దాకా ఆగి ఆగి వచ్చే ఆ వెలుగే ఫాస్ఫోరెసెన్స్. ఆ వెలుగు ట్రిప్లెట్ నుంచి వస్తుందని 1944లో అమెరికాలోని బర్క్‌లీలో గిల్బర్ట్ లూయిస్, మైకేల్ కాషా గట్టి ఆధారాలతో చెప్పారు.

మన లెక్కలో చెప్పాలంటే, సింగ్లెట్ అంటే డైరెక్ట్ ట్రైన్. ఎక్కామా, దిగామా, అంతే. ట్రిప్లెట్ అంటే కాజీపేట జంక్షన్‌లో దిగి ఇంకో ట్రైన్ కోసం ఎదురుచూడటం. ప్లాట్‌ఫాం మీద ఎంతసేపు కూర్చుంటే అన్ని జరగొచ్చు. ఎవరో ఫ్రెండ్ కలిసి బండి మీద ఎక్కించుకుపోవచ్చు. జేబు కొట్టేయొచ్చు. వాన పడొచ్చు. చివరికి మీరు ఆ రెండో ట్రైన్ ఎక్కుతారా లేదా అన్నది మీ ఒక్కరి చేతిలో లేదు, ప్లాట్‌ఫాం మీద ఎవరెవరు ఉన్నారన్నది కూడా ముఖ్యం. ఆ ప్లాట్‌ఫాం జనమే ద్రావణి. రెండో ట్రైన్ ఎక్కడమే ఫాస్ఫోరెసెన్స్.

ఇప్పుడు హీరో ఎంట్రీ. పేరు బెంజోఫినోన్. రెండు బెంజీన్ రింగులు, మధ్యలో ఒక కార్బన్, దానికి డబుల్ బాండ్‌తో ఆక్సిజన్. అరోమాటిక్ కీటోన్లలో అందరూ మొదట చదివేది దీన్నే. ఎందుకంటే ఇది వెలుగు తాగిన సుమారు 10 పికోసెకన్లలో ట్రిప్లెట్‌కి వెళ్లిపోతుంది. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. దాదాపు నూటికి నూరు అణువులూ వెళ్తాయి. అంటే ట్రైన్‌లో ఉన్నవాళ్లందరూ కాజీపేటలో దిగాల్సిందే. అంత జోరుగా స్పిన్ ఎందుకు తిరగబడుతుందో 1963లో ఎల్-సయెద్ అనే శాస్త్రవేత్త ఒక రూల్ ఇచ్చారు: స్పిన్ మారేటప్పుడు ఎలక్ట్రాన్ ఉండే ఆర్బిటాల్ రకం కూడా మారితే, ఆ పని వేగంగా జరుగుతుంది. కీటోన్లలో సరిగ్గా ఆ ఏర్పాటే ఉంది.

సరే, అందరూ దిగారు. ఇక్కడి నుంచి కథ మొత్తం ద్రావణిదే. పదండి, జనగామ పోదాం.

జనగామ: అంచుల దగ్గర జిగట

బస్టాండ్ దగ్గర ఒక మొబైల్ రిపేర్ షాపు. అక్కడ పనిచేసే తమ్ముడు గ్లాస్ వేస్తూ నన్ను అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, గ్లాస్ కింద గ్లూ రాయి లెక్క అయితది. అంచుల పొంటి మాత్రం జిగటగనే ఉంటది. టార్చ్ ఇంకో అయిదు నిమిషాలు పెట్టినా గట్లనే. ఎందుకు?"

నిజం చెప్తున్నా, ఈ ప్రశ్న ఎమ్మెస్సీ వైవాలో అడగొచ్చు.

జవాబు ఒక్క పదం: ఆక్సిజన్. మనం పీల్చే ఆక్సిజన్ మామూలు స్థితిలోనే ట్రిప్లెట్. అలాంటివి చాలా అరుదు. అందుకే ఇంకో ట్రిప్లెట్ అణువు కనిపిస్తే చాలు, దాని శక్తిని లాగేసుకుంటుంది. మన ప్లాట్‌ఫాం మీద జేబుదొంగ అన్నమాట. గాలి తగిలే మామూలు ద్రావణిలో బెంజోఫినోన్ ట్రిప్లెట్ ఒక్క మైక్రోసెకను కూడా నిలవదు. ఫాస్ఫోరెసెన్స్ చూడాలంటే ల్యాబ్‌లో ముందు ద్రావణిలో నైట్రోజన్ బుడగలు పంపి ఆక్సిజన్‌ని తరిమేస్తారు.

గ్లూలో ఏం జరుగుతుంది? కీటోన్ యూవీ తాగి ట్రిప్లెట్ అవుతుంది. అక్కడి నుంచి ఫ్రీ రాడికల్స్ పుడతాయి, అవి గ్లూలోని అక్రిలేట్ అణువుల్ని గొలుసులాగా కట్టేస్తాయి. గ్లాస్ కింద గాలి లేదు కాబట్టి పని పూర్తవుతుంది. అంచుల్లో గాలి ఉంది. అక్కడ ఆక్సిజన్ కొంత ట్రిప్లెట్‌ని చల్లారుస్తుంది, అంతకంటే ఎక్కువగా రాడికల్స్‌ని పట్టేసి గొలుసు తెంపేస్తుంది. అందుకే జిగట. ఫాస్ఫోరెసెన్స్‌ని చంపే దొంగే ఇక్కడ గ్లూని కూడా చెడగొడుతున్నాడు.

ఇక్కడ ఒక సీరియస్ మాట. ఆ జిగటని ఆ తమ్ముడు ఏం చేస్తున్నాడంటే, వట్టి చేతులతో, థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడుస్తున్నాడు. గట్టిపడని అక్రిలేట్ చర్మానికి పదే పదే తగిలితే అలర్జీ రావచ్చు. ఒకసారి వచ్చిందంటే తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లు, దురద, వేళ్ల చివర పగుళ్లు. రోజూ ఆ పనే చేసి బతికేవాడికి అది చిన్న విషయం కాదు. థిన్నర్ ఏం చేస్తుంది? అది కూడా ద్రావణే. గ్లూని కరిగించి చర్మం మీద పలచగా పరుస్తుంది, చర్మం మీద ఉండే నూనె పొరని తీసేస్తుంది, లోపలికి దారి ఇస్తుంది. కాబట్టి షాపుల్లో పనిచేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. గ్లోవ్స్ వేసుకోండి, గ్లూ అంటితే వెంటనే మార్చండి. చేతికి అంటితే సబ్బు, నీళ్లు. థిన్నర్, పెట్రోల్, స్పిరిట్ చర్మం మీద వద్దు. యూవీ టార్చ్ కళ్లలోకి కొట్టుకోకండి. దురద మొదలైతే స్కిన్ డాక్టర్‌కి చూపించి, "నేను యూవీ గ్లూతో పనిచేస్తా" అని తప్పకుండా చెప్పండి.

మహబూబాబాద్: పశువుల డాక్టర్ క్యాన్, ఒక చిటికెడు పసుపు

మానుకోట వైపు ఊళ్లలో గోపాలమిత్రల గురించి మీకు తెలిసే ఉంటుంది. ఆవులకు, బర్రెలకు సూది వేయడానికి వచ్చేవాళ్లు. వాళ్ల దగ్గర ఒక అల్యూమినియం క్యాన్ ఉంటుంది, మూత తీస్తే తెల్లగా పొగ. ఒకాయన చూపించి, "బిడ్డా, గిది మైనస్ 196. చెయ్యి పెడితే చెయ్యి ఉండది" అన్నాడు. నిజమే. అది ద్రవ నైట్రోజన్. వీర్యం స్ట్రాలని అందులోనే దాస్తారు.

ప్రపంచంలో ఫాస్ఫోరెసెన్స్ కొలిచే ల్యాబ్‌లు దశాబ్దాలుగా వాడుతున్నది సరిగ్గా ఆ ద్రవ నైట్రోజన్‌నే, ఆ ఉష్ణోగ్రతనే. ఎందుకు? ద్రావణిని గడ్డకట్టిస్తే జేబుదొంగలు కూడా గడ్డకట్టుకుపోతారు. ఆక్సిజన్ కదలలేదు, ద్రావణి అణువులు గుద్దుకోలేవు. మన ప్యాసింజర్ తీరిగ్గా కూర్చుని రెండో ట్రైన్ ఎక్కుతాడు.

ఇక్కడో చిక్కు ఉంది. నీళ్లు గడ్డకడితే స్ఫటికాలు వచ్చి తెల్లగా మసకబారుతుంది, వెలుతురు చెదిరిపోతుంది. అందుకని గాజులాగా పారదర్శకంగా గడ్డకట్టే మిశ్రమం కావాలి. ఈథర్ 5 పాళ్లు, ఐసోపెంటేన్ 5 పాళ్లు, ఇథనాల్ 2 పాళ్లు. కెమిస్ట్రీవాళ్లు దీన్ని ఇష్టంగా "ఈపీఏ" అంటారు. అందులో బెంజోఫినోన్ నీలంగా వెలుగుతుంది, ఆ వెలుగు కొన్ని మిల్లీసెకన్లు నిలుస్తుంది. మిల్లీసెకన్లేనా అనకండి, ద్రవంలో మైక్రోసెకను కూడా నిలవనిది ఇక్కడ వేల రెట్లు ఎక్కువ బతికింది. అసలు ద్రావణే లేకుండా గట్టి స్ఫటికంగా ఉన్నా కదలికలు ఆగుతాయి. 2010లో బెన్ జాంగ్ టాంగ్ బృందం బెంజోఫినోన్, దాని చుట్టాల స్ఫటికాలు మామూలు గది వేడిలోనే ఫాస్ఫోరెసెన్స్ ఇస్తాయని చూపించింది.

ఇప్పుడు అసలైన పాయింట్. బీఎస్సీవాళ్లు జాగ్రత్తగా వినండి, ఇది మీ పరీక్షలో వస్తుంది. "పోలార్ ద్రావణిలో ఎన్-పై స్టార్ బ్లూ షిఫ్ట్ అవుతుంది" అని బట్టీ కొడతారు. ఎందుకు?

కీటోన్‌లోని ఆక్సిజన్ మీద బంధంలో చేరని ఎలక్ట్రాన్ జంట ఒకటి ఉంటుంది, లోన్ పెయిర్. అక్కడి నుంచి ఎలక్ట్రాన్ లేస్తే ఎన్-పై స్టార్ స్థితి. రింగుల్లోంచి లేస్తే పై-పై స్టార్ స్థితి. ఇప్పుడు ద్రావణి ఆల్కహాల్ అనుకోండి. దాని హైడ్రోజన్ వచ్చి ఆ లోన్ పెయిర్‌ని చెయ్యి పట్టుకుంటుంది. హైడ్రోజన్ బంధం. చెయ్యి పట్టుకుని కూర్చున్నవాణ్ణి లేపాలంటే ఎక్కువ బలం కావాలి కదా? అందుకే ఎన్-పై స్టార్ శక్తి పెరుగుతుంది. ఎక్కువ శక్తి అంటే నీలం వైపు. పై-పై స్టార్ మాత్రం ఉల్టా. పోలార్ ద్రావణిలో దానికి ఆసరా దొరికి కొంచెం కిందికి దిగుతుంది.

బెంజోఫినోన్‌లో ఈ రెండు ట్రిప్లెట్‌ల మధ్య దూరం బాగానే ఉంది, కాబట్టి సాధారణంగా ఎన్-పై స్టారే కింద ఉంటుంది. కానీ కొన్ని కీటోన్లలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. అసిటోఫినోన్ రింగు మీద మిథైల్ లాంటి గుంపు పెట్టినా అంతే. అక్కడ ద్రావణి మారిస్తే కింద మెట్టు పైకి, పై మెట్టు కిందికి పోతుంది. 1971లో పౌనాల్, హ్యూబర్ అనే ఇద్దరు జాంథోన్ అనే కీటోన్‌లో మీడియం మారితే ఈ స్థితులు ఎట్లా అటూఇటూ అవుతాయో వివరంగా చూపించారు. ఎన్-పై స్టార్ అయితే వెలుగు కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది, స్పెక్ట్రంలో సీ-ఓ బంధం ఊగిసలాట మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. పై-పై స్టార్ అయితే పదుల, వందల మిల్లీసెకన్లు నిలుస్తుంది, ఆ మెట్లు చెరిగిపోతాయి. అణువు అదే. చుట్టూ ఉన్నది మారింది, అంతే.

ఇంట్లో చూడాలని ఉందా? బెంజోఫినోన్ జోలికి పోవద్దు. మహబూబాబాద్ జిల్లా కేసముద్రం మార్కెట్‌కి వచ్చే పసుపు చాలు. పసుపులోని కర్క్యుమిన్‌కి కూడా అరోమాటిక్ రింగులు, వాటి మధ్య కీటోన్ గుంపులు ఉన్నాయి. చిటికెడు పసుపు ఒక గ్లాసులో నీళ్లలో, ఒక దాంట్లో కొబ్బరి నూనెలో, ఇంకో దాంట్లో ఆల్కహాల్ శానిటైజర్‌లో కలపండి. పొయ్యికి దూరంగా, శానిటైజర్ అంటుకుంటుంది. లైట్లు ఆపి, నోట్లు చూసే యూవీ టార్చ్ కొట్టండి. నీళ్లలో డల్‌గా ఉంటుంది. శానిటైజర్‌లో పసుపుపచ్చగా, నూనెలో ఇంకాస్త ఆకుపచ్చ వైపుగా మెరుస్తుంది. కాకపోతే టార్చ్ ఆపగానే వెలుగు పోతుంది, ఎందుకంటే ఇది ఫ్లోరెసెన్స్, డైరెక్ట్ ట్రైన్. అయినా ద్రావణి మహిమ కళ్లతో చూసినట్టే. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అనునయ్ సమంతా బృందం అయానిక్ లిక్విడ్స్ అనే కొత్తరకం ద్రావణుల్లో ఇలాంటి ఫ్లోరెసెన్స్ మీదనే చాలా పేరున్న పని చేసింది. దూరం ఏం కాదు, ట్రైన్ ఎక్కితే పొద్దున పోయి సాయంత్రం రావొచ్చు.

భూపాలపల్లి: బొగ్గు, ఎండ

మూడో ఊరు. చెల్పూర్ దగ్గర రోడ్డు మీద నిలబడితే కాకతీయ థర్మల్ ప్లాంట్ చిమ్నీలు కనిపిస్తాయి. 500 మెగావాట్లు ఒకటి, 600 మెగావాట్లు ఒకటి. చుట్టూ సింగరేణి బొగ్గు. బొగ్గు అంటే ఏంటి? కోట్ల ఏళ్ల కింద చెట్లు దాచిన ఎండ.

ఎండకి, మన కీటోన్‌కి సంబంధం చూపించినాయన ఇటలీలో బొలోన్యా ప్రొఫెసర్ జాకొమో చామిచాన్. ఆయన, పాల్ సిల్బర్ కలిసి సీసాల్లో రసాయనాలు పోసి ఎండలో పెట్టేవాళ్లు. ల్యాంపులు లేవు, సూర్యుడే ల్యాంపు. 1900లో బెంజోఫినోన్‌ని ఆల్కహాల్‌లో కలిపి ఎండలో పెడితే బెంజోపినకాల్ అనే తెల్లటి స్ఫటికాలు వచ్చాయి.

ఏం జరిగింది? ఎన్-పై స్టార్ ట్రిప్లెట్‌లో ఆక్సిజన్ మీద ఒక ఎలక్ట్రాన్ ఒంటరిదైపోయింది. అది ఆకలి మీద ఉంది. పక్కనే ఆల్కహాల్ కార్బన్ మీద తేలిగ్గా ఊడే హైడ్రోజన్ ఉంది. లాగేసుకుంది. అట్లా తయారైన రెండు ముక్కలు ఒకదానితో ఒకటి అతుక్కుని బెంజోపినకాల్ అయ్యాయి. ప్లాట్‌ఫాం మీద మనవాడు ట్రైన్ ఎక్కలేదు, అక్కడే పెళ్లి చేసుకుని ఆ ఊళ్లోనే సెటిల్ అయ్యాడు. ఇంకెక్కడి ఫాస్ఫోరెసెన్స్?

కాబట్టి ద్రవంలో ఈ వెలుగు చూడాలంటే లాక్కోవడానికి హైడ్రోజన్ లేని ద్రావణి కావాలి. ఫ్లోరిన్‌తో నిండిన ద్రావణుల్లో, ఆక్సిజన్ తీసేస్తే, బెంజోఫినోన్ ట్రిప్లెట్ వందల మైక్రోసెకన్లు బతుకుతుంది. కార్బన్-ఫ్లోరిన్ బంధం అంత గట్టిది, దాన్ని తెంచడం దీని వల్ల కాదు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన ట్విస్ట్. బెంజోఫినోన్ రింగు మీద పారా స్థానంలో ఒక అమైనో గుంపు పెట్టండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ హైడ్రోజన్ ఇవ్వడంలో దాతృత్వం ఎక్కువున్నది, సైక్లోహెక్సేన్ అంత కాదు. మరి రియాక్షన్ ఎందులో బాగా జరగాలి? ఆల్కహాల్‌లో అంటారు కదా. 1965లో జార్జ్ పోర్టర్, పాల్ సుప్పన్ చేసి చూస్తే ఉల్టా వచ్చింది! సైక్లోహెక్సేన్‌లో జరిగింది, ఆల్కహాల్‌లో జరగలేదు. ఎందుకంటే పోలార్ ఆల్కహాల్‌లో వేరే స్థితి కింద మెట్టుకి వచ్చేసింది. అందులో అమైనో వైపు నుంచి ఆక్సిజన్ వైపుకి ఎలక్ట్రాన్ జరిగి ఉంటుంది. ఆక్సిజన్‌కి ఆకలి తీరిపోయింది. ఎదురుగా విందు ఉన్నా తినదు. పోర్టర్‌కి 1967లో, క్షణంలో లక్షల వంతు బతికే ఇలాంటి అణువుల్ని పట్టుకునే పద్ధతికి, నోబెల్ పంచి ఇచ్చారు.

చామిచాన్ దగ్గరికి మళ్లీ వద్దాం. 1912లో న్యూయార్క్‌లో ఒక ప్రసంగం చేశాడు. బొగ్గు ఎప్పటికీ ఉండదు, ఎండ ఎక్కువున్న పొడి నేలల్లో పొగలేని కర్మాగారాలు రావాలి, ఎండతోనే రసాయనాలు, శక్తి తయారుచేసుకోవాలి అని ఆయన వాదన. వందేళ్లు దాటింది. భూపాలపల్లి పిల్లల బతుకుతెరువు ఇవాళ్టికీ బొగ్గు చుట్టూ తిరుగుతోంది, మే నెల ఎండ మాత్రం నెత్తి మీద మండుతూనే ఉంది. ఈ ఎండతో ఏం చేయొచ్చు అన్న ప్రశ్నకి జవాబు రాసేవాళ్లలో ఆ ఊరి పిల్లలు కూడా ఉండాలని నా కోరిక. దానికి మొదటి మెట్టు ఇట్లాంటి బోర్ కొట్టే పేరున్న టాపిక్కే.

మరి ఫోన్ సంగతి?

మొదట్లో అమోలెడ్ అన్నా కదా. కరెంటు ఇస్తే ఆర్గానిక్ అణువుల్లో 25 శాతం సింగ్లెట్, 75 శాతం ట్రిప్లెట్ అవుతాయి. ఫ్లోరెసెన్స్ ఒక్కటే వాడితే ఆ ముప్పావు వంతు దండగ. 1998, 1999లో అమెరికాలో ఫారెస్ట్, థాంప్సన్ బృందాలు ప్లాటినం, ఇరిడియం లాంటి బరువైన లోహాలు పెట్టి ట్రిప్లెట్ వెలుగుని కూడా రాబట్టాయి. బరువైన పరమాణువు ఉంటే రెండో ట్రైన్ మైక్రోసెకన్లలోనే వచ్చేస్తుంది, దొంగ చేతికి చిక్కేలోపే ఎక్కేస్తారు. పైగా స్క్రీన్‌ని గాలి, తేమ దూరకుండా సీల్ చేస్తారు. గుర్తొచ్చిందా, జనగామ దొంగ?

లాస్ట్‌గా స్క్రీన్‌షాట్ పాయింట్లు. ద్రావణి నాలుగు పనులు చేస్తుంది. ఒకటి, స్థితుల శక్తిని పైకీ కిందికీ జరుపుతుంది, ఒక్కోసారి వరసే మార్చేస్తుంది. రెండు, హైడ్రోజన్ ఇచ్చి రియాక్షన్‌లోకి లాగుతుంది. మూడు, ఆక్సిజన్‌ని మోసుకొచ్చి వెలుగు ఆర్పుతుంది. నాలుగు, గడ్డకడితే అన్నిటినీ ఆపి వెలుగుని కాపాడుతుంది. పరీక్షలో ఈ నాలుగూ కారణంతో సహా రాయండి, బట్టీ అవసరం లేదు.

ఇంకో పని. మీకు తెలిసిన మొబైల్ షాపు తమ్ముడు ఎవరైనా ఉంటే, జనగామ ముక్క ఒక్కటైనా వాడికి పంపండి. గ్లోవ్స్ ఖర్చు తక్కువ, చేతుల విలువ ఎక్కువ. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి, జాగ్రత్త!